బకెట్ నుంచి పైపు దాకా: సింగపూర్ వెనక సందుల చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పొద్దున లారీలో సగం, రాత్రి వంట అయ్యాక సగం చదువుకోండి.

మన ప్లంబింగ్ తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, ఊళ్ళో సంబంధాలు చూస్తున్నారు. సింగపూర్‌లో ఏం పని అని అడిగితే టాయిలెట్ పైపులు వేస్తానని చెప్పడానికి నామోషీగా ఉంది. ఏం చెప్పమంటావు?" రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదిది. నూట యాభై ఏళ్ళ కథ చెప్పాలి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

లిటిల్ ఇండియా షాప్‌హౌస్‌లు మనందరికీ తెలుసు. కింద కొట్టు, పైన ఇల్లు, ముందు రంగురంగుల కిటికీలు. ఎప్పుడైనా వెనక సందులోంచి చూడండి. రెండు వరసల ఇళ్ళ వీపులు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో సన్నటి దారి. కొన్ని ఇళ్ళ వెనక గుండ్రంగా తిరిగే ఇనప మెట్లు కూడా కనిపిస్తాయి. మనం ఆ నీడలో నిలబడి ఇంటికి వీడియో కాల్ చేసుకుంటాం. ఆ సందులు పుట్టడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి దొడ్డి బకెట్లు. నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

ఇంగ్లీషువాళ్ళు 1819లో ఇక్కడ రేవు పెట్టారు. ఊరు పెరిగింది, ఓడలు పెరిగాయి, జనం పెరిగారు. రోడ్లు వెయ్యడానికి, బురద నేలలు పూడ్చడానికి 1825 నుంచి 1873 దాకా మన దేశం నుంచి తెచ్చిన ఖైదీలతో పని చేయించారు. మొదట దిగిన గుంపు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పంపినవాళ్ళు. మన కోస్తా జిల్లాలు కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. ఈ ఊరి పునాది తవ్వినవాళ్ళకి, ఇవాళ పైలింగ్ చేస్తున్న మనకి మధ్య రెండు వందల ఏళ్ళు ఉన్నాయి. పార మాత్రం అదే.

రోడ్లు వచ్చాయి గానీ మంచినీళ్ళు లేవు. బావులు, వాగులే ఆధారం. 1857లో టాన్ కిమ్ సెంగ్ అనే చైనీస్ వ్యాపారి ఊరికి మంచినీళ్ళు తెప్పించడానికి 13,000 డాలర్లు ఇచ్చాడు. ప్రభుత్వం ఏళ్ళ తరబడి నాన్చింది. తర్వాత ఇవాళ మాక్‌రిచీ అని పిలిచే రిజర్వాయర్ కట్టి, పైపుల్లో నీళ్ళు తెచ్చారు. ఆయన పేరు మీద 1882లో ఒక ఫౌంటెన్ పెట్టారు. ఎస్ప్లనేడ్ పార్కులో ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నీళ్ళు లోపలికి తెచ్చే పైపుకి దాతలు దొరుకుతారు, దాని పేరు మీద ఫౌంటెన్లు లేస్తాయి. మురికి బయటికి తీసుకెళ్ళే పైపుకి ఎవరూ శిలాఫలకం పెట్టరు. ఏ దేశంలో చూసినా వరస ఇదే: ముందు నీళ్ళు, ఎప్పుడో చివరికి మురుగు. లండన్ కూడా అంతే. 1854లో కలరా వస్తే జాన్ స్నో అనే డాక్టరు అది ఒక వీధి పంపు నీళ్ళ నుంచే పాకుతోందని చూపించాడు. పెద్దలు కదల్లేదు. 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపు పార్లమెంటు కిటికీల్లోకి కొట్టాకే పెద్ద మురుగు సొరంగాలకి డబ్బు మంజూరైంది. పేదవాడి ఇంట్లో కంపు చరిత్రలోకి ఎక్కదు. అది పెద్దల ముక్కుకి తగలాలి.

సింగపూర్‌లో మరి మలం ఎక్కడికి పోయేది? బకెట్లోకి. దొడ్డి గది నేల కొంచెం ఎత్తుగా కట్టి, మధ్యలో కంత పెట్టి, దాని కింద బకెట్ పెట్టేవాళ్ళు. మనిషి వచ్చి నిండిన బకెట్ తీసి ఖాళీది పెట్టి వెళ్ళేవాడు. కావడికి రెండు వైపులా బకెట్లు తగిలించుకుని, పొంగకుండా, తొణక్కుండా సందుల్లో నడవాలి. ఈ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది చైనా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన వలస కూలీలు. ఊరి చుట్టూ కూరగాయలు పండించే రైతులు ఆ మలాన్ని ఎరువు కోసం కొనేవాళ్ళు. అంటే అది కూడా ఒక సరుకే, దానికీ వ్యాపారులున్నారు, లాభాలున్నాయి. మోసినవాడికి మిగిలింది మాత్రం కూలీ, కంపు, చెడ్డపేరు.

1906లో ప్రొఫెసర్ సింప్సన్ అనే ఆయన్ని ఇంగ్లండ్ నుంచి పిలిపించారు. సింగపూర్‌లో జనం ఎందుకింతమంది చస్తున్నారో చూసి చెప్పమన్నారు. 1907లో ఆయన రిపోర్టు వచ్చింది. షాప్‌హౌస్‌ల్లో పొడుగూతా చెక్కలు అడ్డం పెట్టి కిటికీ లేని చిన్న చిన్న గదులు చేసి కూలీలకి అద్దెకి ఇస్తున్నారు, గాలి లేదు, వెలుతురు లేదు, క్షయ పాకుతోంది అని రాశాడు. ఇళ్ళు వీపుకి వీపు ఆనించి కట్టేయడం వల్ల దొడ్డి బకెట్ ముందు వాకిట్లోంచే, వంటిల్లు దాటి, కొట్టు దాటి బయటికి రావాల్సి వస్తోంది. కాబట్టి ఇళ్ళ వెనక భాగం కొంత కొట్టేసి సందులు తియ్యండి, భూమి కింద మురుగు పైపులు వెయ్యండి అని చెప్పాడు.

అలా మొదలయ్యాయి ఈ వెనక సందులు. గాలి వస్తుంది, అగ్నిప్రమాదం జరిగితే దారి ఉంటుంది, బకెట్ మనిషి వెనక నుంచి వచ్చి వెనక నుంచే పోతాడు. ఆ ఇనప మెట్లు కూడా పై అంతస్తు బకెట్లు దించడానికి పనికొచ్చాయి. 1910 తర్వాత ఊరి మధ్యలో మురుగు పైపులు, పంపింగ్ స్టేషన్లు, అలెగ్జాండ్రా రోడ్డు దగ్గర మురుగు శుద్ధి కేంద్రం వచ్చాయి. అయితే పైపు అందరి ఇంటికీ రాలేదు. డబ్బున్న వీధికి పైపు, లేని వీధికి బకెట్. ఆ తేడా ఇంకో డెబ్బై ఏళ్ళు నడిచింది.

ఈ కథలో మనవాళ్ళు ఎక్కడున్నారు అంటారా? సింగపూర్ మున్సిపాలిటీలో రోడ్లు ఊడవడం, చెత్త ఎత్తడం, కాలవలు తీయడం లాంటి పనుల్లో దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. అయితే తెలుగువాళ్ళ అసలు కథ ఇంకొంచెం ఉత్తరాన, రంగూన్‌లో ఉంది. మన తాతలు "రంగం" అనేవాళ్ళు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వేలకి వేలు రంగం వెళ్ళారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. ఊరి దొడ్లు ఎత్తింది, వీధులు ఊడ్చింది కూడా ఎక్కువగా తెలుగువాళ్ళే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. కూలీలు ఊరొదిలి పారిపోయారు. వాళ్ళతోపాటు పాకీ పనివాళ్ళూ వెళ్ళిపోయారు. చెత్త ఎత్తేవాడు లేడు, దొడ్లు తీసేవాడు లేడు, శవాలు తీసేవాడు కూడా లేడు. అంతకుముందు రోజుదాకా వాళ్ళ వంక చూడని దొరలు వాళ్ళని వెనక్కి రప్పించడానికి నానా తంటాలు పడ్డారు. ఎందుకంటే వాళ్ళు లేకుండా ఊరు నడవదని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత లక్షల మంది కొండలు, అడవులు దాటి నడిచి మన దేశం చేరుకున్నారు. దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మీ ఊళ్ళో "రంగం వాళ్ళు" అని ఇంటిపేరులా పిలిచే కుటుంబం ఏదైనా ఉందేమో అడగండి. వాళ్ళింటి ముసలివాళ్ళ దగ్గర ఈ కథ ఉంటుంది.

మళ్ళీ సింగపూర్‌కి వద్దాం. 1960లో హెచ్‌డీబీ పెట్టారు. 1961 మేలో బుకిట్ హో స్వీ గుడిసెలు కాలిపోయి దాదాపు 16,000 మంది రోడ్డున పడ్డారు. ఆ చోటే ఫ్లాట్లు లేచాయి. ఆ ఫ్లాట్లలో అందరూ లిఫ్ట్ గురించి, కరెంటు గురించి చెప్తారు గానీ, పెద్దవాళ్ళని అడిగితే మొదట చెప్పేది సొంత టాయిలెట్ గురించే. గుడిసెల బస్తీలో నాలుగైదు ఇళ్ళకి ఒక దొడ్డి. రాత్రి పూట ఆడపిల్ల వెళ్ళాలంటే తోడు కావాలి. ఫ్లాట్‌లో గొళ్ళెం పెట్టుకుని, తాడు లాగితే నీళ్ళు వచ్చే గది ఉంది. మన అమ్మలు, అక్కలు చీకటి పడేదాకా ఆపుకుని చెంబు పట్టుకుని పొలం గట్టుకి వెళ్ళిన రోజులు గుర్తున్నవాళ్ళకి దీని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

1977 ఫిబ్రవరి 27న అప్పర్ పియర్స్ రిజర్వాయర్ ప్రారంభంలో ప్రధాని లీ క్వాన్ యూ ఒక మాట పెట్టాడు: పదేళ్ళలో సింగపూర్ నదిలో, కలాంగ్ నదిలో చేపలు పట్టేలా ఉండాలి. అప్పటికి ఆ నది నల్లగా, కంపుగా ఉండేది. మలం, పందుల పెంట, హోటల్ మడ్డి, పడవల నూనె అన్నీ అందులోకే పోయేవి. పదేళ్ళు పని జరిగింది. దాదాపు 26,000 కుటుంబాలని వేరే చోట్లకి మార్చారు. 600కి పైగా పందుల పెంపకాలు, దాదాపు 5,000 మంది వీధి వ్యాపారులు కదిలారు. కదిలించడానికైన ఖర్చు కాకుండా దాదాపు 17 కోట్ల డాలర్లు పట్టింది. 1987 సెప్టెంబర్‌లో పని పూర్తయిందని పండగ చేశారు. ఇందులో కొంతమందికి బతుకు మెరుగైంది, కొంతమందికి అలవాటైన ఇల్లు, వ్యాపారం పోయాయి. రెండూ నిజమే. ఇవాళ మనం క్లార్క్ కీ దగ్గర ఫొటోలు దిగే నది అదే.

అదే 1987 జనవరిలో ఇంకొకటి జరిగింది. దానికి పండగ లేదు. దేశంలో ఆఖరి దొడ్డి బకెట్ కేంద్రం, లోరోంగ్ హాలుస్‌లోది, మూసేశారు. ఆ రోజుతో సింగపూర్‌లో మనిషి భుజం మీద మలం మోయడం ముగిసింది. ఇప్పుడు అక్కడ చిత్తడి నేలల పార్కు ఉంది, ఎర్ర వంతెన ఉంది. పుంగ్గోల్ వైపు ఉండే తమ్ముళ్ళు సైకిల్ మీద వెళ్ళొచ్చు.

లెక్క చూడండి. సింప్సన్ రిపోర్టు 1907. ఆఖరి బకెట్ 1987. సరిగ్గా 80 ఏళ్ళు. ఇంత చిన్న ఊరికి, ఇంత డబ్బున్న ఊరికి కూడా బకెట్ నుంచి పైపుకి రావడానికి అంత కాలం పట్టింది. తర్వాత మాత్రం వేగం పెరిగింది. 2002 ఆగస్టు 9 నేషనల్ డే రోజున దాదాపు 60,000 మంది శుద్ధి చేసిన మురుగునీటి సీసాలు పైకెత్తి తాగారు. అదే నీవాటర్. క్రాంజి నుంచి చాంగి దాకా 48 కిలోమీటర్ల మురుగు సొరంగం తవ్వారు. కొన్నిచోట్ల అది యాభై మీటర్ల లోతుకి పోతుంది. దారి పొడుగునా పంపు లేదు, నీళ్ళు వాలు మీదే పారతాయి. పశ్చిమాన తువాస్ వైపు రెండో సొరంగం తవ్వకం 2023లో పూర్తయింది. ఆ వాలు తప్పితే మురుగు నిలిచిపోతుంది. లెవెల్ పట్టుకుని పైపు వేసిన ప్రతివాడికీ అదెంత పనో తెలుసు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ని ముంచింది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన వరద ఆపడానికి రిజర్వాయర్లు చెప్పారు, ఊరికి భూగర్భ మురుగు పైపుల పథకం కూడా వేశారు. సింప్సన్ రిపోర్టుకి, దీనికి రెండు మూడేళ్ళే తేడా. అంటే మనం ఆలస్యంగా మొదలుపెట్టలేదు. ముగించడంలో వెనకబడ్డాం. పైపు ఉన్న ఊళ్ళో కూడా మ్యాన్‌హోల్ జామ్ అయితే మనిషినే దించాం. పైపు లేనిచోట బుట్టతో ఎత్తించాం. అది కూడా కులం చూసి ఎత్తించాం. సింగపూర్‌లో బకెట్ మోసినవాడి కొడుకు వేరే పనికి పోగలిగాడు. మన దగ్గర కొడుక్కీ అదే పని రాసిపెట్టాం. అసలు తేడా ఇక్కడుంది.

ఆ రాతని చెరపడానికి జీవితం పెట్టిన మనిషి మన తెలుగువాడే, బెజవాడ విల్సన్ గారు. కోలార్ బంగారు గనుల కాలనీలో పుట్టారు. పొట్టకూటికి అక్కడ చేరిన కుటుంబం. తల్లిదండ్రులు దొడ్లు ఎత్తే పని చేశారు. ఆయన సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మనుషుల చేత మలం ఎత్తించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. 2014లో సుప్రీంకోర్టు మురుగులో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వమంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. డబ్బు పెరిగింది, చావులు ఆగలేదు.

సింగపూర్‌లో అంతా బంగారమేనా అంటే, అదీ కాదు. 2020లో మనందరం చూశాం. ఒక్కో గదిలో అంతమంది, ఒకే టాయిలెట్ వరస, ఒకే సింకు. ఆ డిసెంబర్‌కి డార్మిటరీ కార్మికుల్లో 47 శాతం మందికి కరోనా సోకినట్టు ప్రభుత్వమే లెక్క చెప్పింది. అప్పుడు డార్మిటరీల మ్యాన్‌హోల్ నీళ్ళు తీసి పరీక్ష చేసేవాళ్ళు. ఎవరికీ దగ్గు రాకముందే మురుగు చెప్పేసేది, ఈ బ్లాక్‌లో జబ్బు ఉందని. 2021లో కొత్త డార్మిటరీలకి రూల్ మార్చారు: గదికి 12 మందికి మించకూడదు, ఆరుగురికి ఒక టాయిలెట్, స్నానాల గది, సింకు ఉండాలి. అంతకుముందు 15 మందికి ఒకటి. సింప్సన్ 1907లో కిటికీ లేని కూలీ గదుల గురించి రాసింది, 2020లో మన గదుల గురించి అనుకున్నది పక్కపక్కన పెట్టి చదవండి. గోడలు మారాయి. ఎంతమంది కూలీలని ఒక గదిలో పట్టించవచ్చు అన్న లెక్క మారడానికి మాత్రం మళ్ళీ ఒక జబ్బు రావాల్సి వచ్చింది.

ప్లంబర్ పని ఎంత పెద్దదో ఇంకొక్క ఉదాహరణ చెప్తాను. ఫ్లోర్ ట్రాప్‌లో రెండంగుళాల నీళ్ళు నిలుస్తాయి కదా, ఆ వంపు పైపుకి 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాలు చేసే ఆయన పేటెంటు తీసుకున్నాడు. కింద ఉన్న కంపు, గాలి పైకి రాకుండా ఆ కాసిన్ని నీళ్ళే తలుపు. 2003 సార్స్ అప్పుడు హాంకాంగ్‌లో ఆమోయ్ గార్డెన్స్ అనే ఫ్లాట్లలో 300 మందికి పైగా జబ్బుపడ్డారు, 42 మంది పోయారు. బాత్రూముల్లో ఫ్లోర్ ట్రాప్‌లు ఎండిపోయి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాగుతుంటే మురుగు పైపులోంచి వైరస్ ఇళ్ళలోకి వచ్చిందని తేల్చారు. ఒక చెంబెడు నీళ్ళు పోస్తూ ఉంటే మూసుకుని ఉండే తలుపు అది. మీ డార్మ్‌లో వాడని ఫ్లోర్ ట్రాప్ ఉంటే వారానికోసారి ఒక చెంబు నీళ్ళు పొయ్యండి. ఖర్చు లేదు.

ఆఖరి మాట, ముఖ్యమైన మాట.

2024 మేలో ఇక్కడే చోవా చు కాంగ్ వాటర్‌వర్క్స్‌లో ట్యాంకు శుభ్రం చేస్తూ హైడ్రోజన్ సల్ఫైడ్ పీల్చి ఒక భారతీయ కార్మికుడు చనిపోయాడు. మన వయసువాడే, మనలాగే ఇంటికి డబ్బు పంపేవాడే. ఆ గ్యాస్ కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగకండి. పర్మిట్ లేకుండా, గ్యాస్ మీటర్ పెట్టి చూడకుండా, పైన మనిషి లేకుండా ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో దిగొద్దు. లోపల ఒకడు పడిపోతే కాపాడదామని వెంటనే దూకొద్దు. చాలాచోట్ల అలాగే ఇద్దరు, ముగ్గురు పోయారు.

ఊళ్ళో మనం పంపిన డబ్బుతో ఇళ్ళు లేస్తున్నాయి. డిజైన్ గేటు, టైల్స్, రెండు బాత్రూములు. సెప్టిక్ ట్యాంకు ఎలా కట్టారో ఎవరూ అడగరు. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి. గ్యాస్ పోవడానికి పైకి గొట్టం పెట్టారా? మూత తీసి మిషన్ గొట్టం పెట్టే వీలుందా? కొత్తగా కట్టేవాళ్ళయితే రెండు గుంతల పద్ధతి చూడండి. ఒకటి నిండాక రెండోదానికి మళ్ళిస్తే, మొదటిది ఒకటి రెండేళ్ళకి ఎండి ఎరువు అవుతుంది. ఎవరూ దిగక్కర్లేదు. ట్యాంకు నిండితే "ఆ పేటలోంచి ఎవరినైనా పిలవండి" అని మీ నాన్న అంటే, మిషన్ లారీకే డబ్బు పంపిస్తానని చెప్పండి. మనిషిని దించితే 2013 చట్టం కింద మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు ఉంది. జైలు మాట అలా ఉంచితే, ఇక్కడ పర్మిట్ లేకుండా దిగనని చెప్పే హక్కు మనకి కావాలి అనుకుంటున్నప్పుడు, మన ఇంటి గుంతలోకి ఇంకొకడి కొడుకుని ఎలా దించుతాం?

తమ్ముడూ, పెళ్ళివాళ్ళకి చెప్పు. "మనిషి మోసే పనిని పైపు మోసేలా చేసే పని నాది" అని. అర్థం కాకపోతే ఈ పోస్టు పంపించు.

మీ ఇంట్లో రంగం కథలు గానీ, ఊళ్ళో బుట్ట దొడ్ల కాలం కథలు గానీ ఉంటే కింద రాయండి. పేర్లు అక్కర్లేదు, కథ చాలు.